ఎనకున్న ప్లేటెంత?

పోయిన నెల మా అమ్మాయి కొత్త కెమెరా కొనుక్కొని ఎమ్మిగనూరు వచ్చింది. దాన్ని నా చేతిలో పెట్టి, పాత ఫొటోగ్రాఫర్‌కు ఏదో కొత్త సంగతి చెబుతున్నానన్న సంబరంతో చెప్పింది.

"నాన్నా, దీంట్లో సెన్సరు చిన్నది. మీ ఫిల్ముకంటే చిన్నది. అందుకే యాభై నంబరు లెన్సు పెడితే డెబ్బై అయిదు పెట్టినట్టు చూపిస్తుంది. లెన్సు అదే, నంబరు అదే. వెనకున్నది మారితే చూపే మారిపోతుంది. తమాషాగా లేదూ?"

నేను కెమెరాను బల్లమీద పెట్టి, మంచినీళ్ళకన్నట్టు లేచి లోపలికి పోయాను. ఆ సంగతి నాకు కొత్త కాదు. ఆదోనిలో ఒక మనిషి నాకది మూడు అట్టముక్కలతో నేర్పాడు. నేను బాగానే నేర్చుకున్నాను. దాన్ని నోరు విప్పి చెప్పవలసిన రోజున మాత్రం చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నా రాతలో ఆ పేరు రావడం ఆయనకు ఇష్టం ఉండదు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు పెట్టె సాయెబు అనేవారు, ఆయన కెమెరా టేకుచెక్కతో చేసిన పెద్ద పెట్టె గనక. ముందు ఇత్తడి లెన్సు, మధ్యలో ముడతల తోలు తిత్తి, వెనక గరుకు అద్దం. ఫిల్ము కాదు, గాజు ప్లేటు వేసేవాడు. ఒక్కొక్క ప్లేటు అరచెయ్యి కంటే పెద్దది. డెబ్బైల నాటికే కర్నూలు వైపు అలాంటి కెమెరా వాడేవాళ్ళు దాదాపు లేరు. ప్లేట్లు దొరకడమే కష్టమయ్యేది. బళ్ళారి నుంచి, రాయచూరు నుంచి తెప్పించుకునేవాడు.

ఆదోనిలో బట్టల బజారు వెనక సందులో కింద బొంతలు కుట్టేవాళ్ళు కూర్చునేవారు, పైన ఆయన స్టూడియో. మెట్లెక్కుతుంటే కింద దూదిపోగుల వాసన, పైన ఫొటోలు కడిగే మందుల వాసన. ఆ మందులతో ఆయన గోళ్ళు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి. ఎంత రుద్దినా పోయేవి కావు. పెళ్ళిళ్ళలో బిర్యానీ దగ్గర పదిమందితో కూర్చోవాలంటే ఆ గోళ్ళకు సిగ్గుపడి, చేతిరుమాలులో చుట్టి తెచ్చుకున్న చెంచాతో తినేవాడు. దొరగారొచ్చినారని వెక్కిరించేవాళ్ళు. ఆయన తలెత్తేవాడు కాదు.

నల్లగుడ్డ కప్పుకొని కెమెరా వెనక దూరాడంటే ఎంతకీ బయటికి రాడు. ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళకు అనుమానం వచ్చేది, లోపల నిద్రపోయాడేమోనని. ఉన్నట్టుండి బయటికి వచ్చి, ఒకరి కాలరును వేలెడు లాగి, ఒకరి గడ్డాన్ని కొంచెం ఎత్తి, మళ్ళీ లోపలికి పోయేవాడు. చివరికి లెన్సు మూత తీసే ముందు పెదవుల్లోనే బిస్మిల్లా అనుకొని, మూత తీసి గట్టిగా లెక్కపెట్టేవాడు. ఆ లెక్క కన్నడంలో. "ఒందు, ఎరడు, మూరు."

"తెలుగులో లెక్కపెట్టొచ్చు గదా చాచా?" అని ఒకసారి అడిగాను.

"మా ఉస్తాద్ బళ్ళారాయన. ఆయన నోటితో నేర్చుకున్న లెక్క. తెలుగులో పెడితే ఒక పిసరు ఎక్కువైతాది, మొగం తెల్లబడిపోతాది" అన్నాడు.

ఎవర్నీ నవ్వమని అనేవాడు కాదు. ఫొటో బాగొచ్చిందని ఎవరైనా మెచ్చుకుంటే "నీ మొగం బాగుండాది, నాదేముండాది" అనేవాడు. బాగా రాలేదంటే "అది నేను తెచ్చిపెట్టిన మొగమా?" అనేవాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో. అందుకే ఆయనంటే ఇష్టపడే వాళ్ళు తక్కువ. తియ్యగా మాట్లాడడం చేతకాని మనిషి.

ఆ గరుకు అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. కాళ్ళు పైకి, తల కిందికి. ఆయనకు అదే ఇష్టం. "నేరుగా సూస్తే మనిషి మనల్ని మోసం సేస్తాడప్పా. తలకిందులుగా సూస్తే బట్టలూ, నగలూ, దర్జా కనపడవు. ఉండేది ఉండట్టు కనపడతాది" అనేవాడు.

నాది నేతవాళ్ళ ఇల్లు. మగ్గం మీద కూర్చోవడం ఇష్టంలేక, భివండీలో ఉన్న మేనమామ తెచ్చిచ్చిన చిన్న కెమెరాతో ఎమ్మిగనూరులో ఒక గది తీసుకొని ఫొటోలు మొదలుపెట్టాను. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము, ఒక చుట్టలో ముప్పై ఆరు బొమ్మలు. కడగడం రాక మొదట్లో ప్రతివారం బస్సెక్కి ఆదోని పోయి చాచా చీకటిగదిలో కడుక్కునేవాణ్ణి. పాతికేళ్ళవాణ్ణి, అన్నీ తెలుసనుకునే వయసు. ఆయన నన్ను ఎమ్మిగనూరప్పా అనేవాడు.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు ఇద్దరమూ పోయేవాళ్ళం. బస్సులు దిగే చోట ఆయన మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టేవాడు. ఒక ఏడు తుగ్గలి వైపు నుంచి వచ్చిన పెద్ద కుటుంబం ఒకటి ఫొటో దిగుతామన్నారు. గుండ్లు గీయించుకున్న మగవాళ్ళు, పిల్లలు, ముసలమ్మలు, పదిహేను మంది దాకా ఉన్నారు. ఆయన ఒక్క ప్లేటు తీసేలోపల పక్కనే నిలబడి నేను ఆరు తీశాను. తీసి, ఊరుకోకుండా వెక్కిరించాను.

"ఏమి చాచా, మీ లెన్సు మీద ఇరవై ఒకటి సెంటీమీటర్లని రాసుంది. నాది అయిదు. నాలుగింతలు పెద్ద లెన్సు పెట్టుకొని, నాకు కనపడినంతే మీకూ కనపడతాందే!"

ఆయన నన్నొక గాడిదను చూసినట్టు చూశాడు. తర్వాత పెట్టె తెరిచి మూడు నల్ల అట్టముక్కలు తీశాడు. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క రంధ్రం కోసి ఉంది, ఒక్కొక్కదానికీ ఒక దారం కట్టి ఉంది.

"ఇది నా ప్లేటంత కిటికీ. ఇది నీదానికన్నా వెడల్పు రోలు ఫిల్ము వాడేటోళ్ళ చదరమంత. ఇది నీదంత. అగ్గిపెట్టె కూడా దీని కన్నా పెద్దది. ఈ దారాలు లెన్సు నంబర్లు. నాది జానెడు. రోలు ఫిల్ముది బెత్తెడు. నీది రెండున్నర వేళ్ళు. దారం కొస కంటి కింద ఎముకకు ఆనిచ్చి, అట్టను దారమంత దూరం పట్టుకో. ఒంటికన్నుతో సూడు."

పెద్ద అట్ట పట్టుకొని చూశాను.

"ఏమి కనపడతాండాది?"

"టీకొట్టు పందిరి నించి ఆ ఎర్రబస్సు దాకా."

"ఇప్పుడు రోలుది సూడు."

బెత్తెడు దూరంలో చదరం పట్టుకున్నాను. పందిరి నుంచి బస్సు దాకా. నా చిన్న అట్టను కంటికి దాదాపు తగిలేటట్టు పట్టుకున్నాను. మళ్ళీ అదే పందిరి, అదే బస్సు.

"కిటికీ పెద్దదైతే దూరంగా నిల్చుకో, చిన్నదైతే దగ్గరికి రా. చూపు ఒకటే" అన్నాడు. "ఇప్పుడొక తప్పు పని సెయ్. నీ చిన్న కిటికీ తీసుకోని, నా జానెడు దూరంలో పెట్టు."

పెట్టాను. బస్సు లేదు, పందిరి లేదు. ఆ చిన్న రంధ్రంలో టీకొట్టు ముందు కూర్చున్న ఒక ముసలాయన తలపాగా మాత్రం పెద్దగా కనిపించింది.

"అదీ దూరంలెన్సు. నీ కెమెరాకు నా నంబరు పెడితే దూరంలెన్సైతాది. నా కెమెరాకు అది మామూలు కన్ను. ఎనకున్న ప్లేటెంతో సెప్పకుండా ఉత్త లెన్సు నంబరు సెప్పేటోడు సగం అబద్ధం సెప్పినట్టే. గ్యాపకం పెట్టుకుంటావా?"

"జ్ఞాపకం పెట్టుకుంటా చాచా. కానీ చూపు ఒకటే ఐతే మీకీ మోతబరువు ఎందుకు?"

"పెద్ద కిటికీలో బొమ్మ పెద్దదిగా పడతాది. మూడో వరసలో ఉండే అవ్వ ముక్కుపుడకలో ఎన్ని రాళ్ళుండాయో లెక్కపెట్టొచ్చు. నీదాన్ని అంత పెంచితే ఇసక సల్లినట్టే."

ఆ రోజు నుంచి ఆయన నాకు గురువే. ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు, అంతే.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. దసరాకు ఆయుధపూజ ఫొటో తీయడానికి ఏటా చాచానే పిలిచేవారు. ఆ సంవత్సరమూ పిలిచారు. యంత్రాలకు పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. ముందు యజమాని, పక్కన మేనేజరు. ఒక ప్లేటు అయిపోయింది. ఆయన సర్దుకుంటూ ఉండగా పత్తిగంపలు మోసే ఆడవాళ్ళలో ఒకామె ముందుకు వచ్చిందట. మార్తమ్మ. పెద్దకడుబూరు దగ్గర పల్లె. పత్తి సీజను నాలుగు నెలలు ఆదోనిలోనే ఉండి పనిచేసేది.

"మమ్మల్ని గూడా తియ్యి సామీ. మేమూ ఈ మిషన్ల కాడనే గదా బతుకుతాండేది" అందట.

ఆయనకు ఏమనిపించిందో, మిగిలిన ఒక్క ప్లేటూ వాళ్ళకోసం వేశాడు. యజమాని నిలబడిన చోటికి రాబోతే వద్దన్నాడు. "మీరు దినామూ యాడ నడుస్తారో ఆడనే నిల్చుకోండి" అన్నాడు. అది ఆయన అలవాటు. మనిషిని ఉండే చోట నిలబెట్టే తీయాలంటాడు. అయిదుగురు ఆడవాళ్ళూ గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకొని వరసగా నిలబడ్డారు. వెనక యంత్రాలను తిప్పే పెద్ద తోలుబెల్టు. వాళ్ళ వీపులకూ ఆ బెల్టుకూ మధ్య మూరెడు చోటు కూడా లేదు. బెల్టుకు కంచె లేదు. పత్తికుప్పలు పెరిగితే వాళ్ళు నడవడానికి మిగిలే దారి అదే.

సీజను మంచి ఊపు మీద ఉన్నప్పుడు మార్తమ్మ కొంగు ఆ బెల్టులో పడింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా పోయింది.

ప్రాణం దక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె మొగుడు, తప్పు మిల్లుదని, నష్టపరిహారం ఇప్పించమని ఒక అర్జీ పెట్టాడు. దాంతో పాటు చాచా తీసిన ఆ ఫొటో జతచేశాడు. మిల్లువాళ్ళ జవాబు ఒకటే. ఆడవాళ్ళ దారి బెల్టుకు ఎనిమిదడుగుల దూరంలో ఉంది, ఆమె వద్దన్న చోటికి తనంతట తాను పోయింది. అప్పుడు మేనేజరు జీపు ఎమ్మిగనూరుకు, నా గది ముందుకు వచ్చింది. చాచాను కాదని నన్నెందుకు పిలుస్తున్నారో నాకు తెలుసు. అడగలేదు. నేను ఫొటోలు తీసే గది మిల్లు యజమాని చెల్లెలి గారిది. ఆ ఏడు నేను తీసిన పెళ్ళిళ్ళలో సగం వాళ్ళ బంధువులవే.

మిల్లులోకి పోయేసరికి పత్తికుప్పలు తీసేసి ఉన్నాయి. బెల్టుకు ఎనిమిదడుగుల దూరంలో నేలమీద సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల మధ్య నలుగురు కొత్త ఆడవాళ్ళను నిలబెట్టారు. మేనేజరు చాచా ఫొటో నా చేతికిచ్చి, "సరిగ్గా ఈయప్ప నిలబడిన చోటు నుంచే తియ్యి" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి తీశాను. తీసి వస్తుంటే నా చెప్పు గీతమీద పడింది. సున్నం ఇంకా తడిగానే ఉంది, చెప్పుకు అంటుకుంది.

ఫొటోలు ఇవ్వడానికి పోయినప్పుడు మేనేజరు రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో బెల్టు ఆడవాళ్ళ వీపులకు అంటుకున్నట్టుంది. ఇంకొకదాంట్లో చాలా వెనక ఉంది.

"సాయెబు లెన్సు ఎంతది?" అన్నాడు.

"రెండు వందల పది మిల్లీమీటర్లు సార్."

"నీది?"

"యాభై."

"అంటే నాలుగింతలు దగ్గరికి లాగుతుందన్న మాట, ఆయనది!"

కాదు సార్ అనాల్సింది. ఆయన ప్లేటు కూడా నా ఫిల్ముకు నాలుగింతలు పొడుగు అనాల్సింది. రెండు ముక్కలు. నేను నవ్వాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. పెద్దమనిషి ముందర కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న సంతోషంలో, ఉత్తినే నవ్వాను. వాళ్ళ కేసంతా ఆ నవ్వు మీదే నిలబడింది.

విచారణ ఆదోనిలో ప్రయాణికుల బంగళా హాల్లో జరిగింది. ఒక అధికారి, ఒక గుమాస్తా, మిల్లు తరఫున వకీలు. మార్తమ్మ గోడ దగ్గర నేలమీద కూర్చుంది. ఫొటోలో ఆమెతో ఉన్న నలుగురిలో ఇద్దరు ఊళ్ళకు వెళ్ళిపోయారు, ఇద్దరు తమకేమీ గుర్తు లేదన్నారు. ఇక మిగిలిన సాక్షి ఆ ఫొటో ఒక్కటే.

చాచా ఇస్త్రీ చేసిన తెల్ల పైజామా, నల్ల కోటుతో వచ్చాడు. లెన్సును తీసి గుడ్డలో చుట్టి తెచ్చాడు. వకీలు ఆయన్ని నువ్వనీ, నన్ను మీరనీ పిలిచాడు.

"నీ లెన్సు మీద ఏం రాసుంది?"

"ఇరవై ఒకటి సెంటీమీటర్లు."

"అంటే రెండు వందల పది మిల్లీమీటర్లు. అవునా, కాదా?"

"అవును. ఐతే నా ప్లేటు..."

"అడిగినదానికి జవాబు చెప్పు." వకీలు నా వైపు తిరిగాడు. "మీ లెన్సు యాభై. మీ కెమెరాకు రెండు వందల పది లాంటి లెన్సులు వస్తాయా?"

"వస్తాయి సార్."

"వాటితో తీస్తే ఏమవుతుంది?"

"దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి."

"ముందు నిలబడినవాళ్ళూ, ఎక్కడో వెనక ఉన్న వస్తువూ అంటుకున్నట్టు కనిపించవచ్చునా?"

"కనిపించవచ్చు."

నేను చెప్పిన ప్రతిమాటా నిజం. నా కెమెరాకు నిజం. దేవుడి మీద ప్రమాణం చేయించినా అవే మాటలు చెప్పగలను. చాచా అప్పటిదాకా ఓపికగానే ఉన్నాడు. అప్పుడు లేచి, కోటు జేబులోంచి ఆ అట్టముక్కలు తీశాడు.

"సార్, ఒక్క నిమిషం. ఇది కంటికాడ పెట్టుకోని సూడండి. లెన్సు నంబరొకటే కాదు సార్, ఎనకున్న ప్లేటు ఎంతో సూడాల. నా ప్లేటు ఆయప్ప ఫిల్ముకు నాలుగింతలు పొడుగు. చూపు ఇద్దరిదీ ఒకటే. నేనూ తలుపు కాడ నిల్చుకున్నా, ఆయప్పా తలుపు కాడ నిల్చుకున్నాడు. ఒకే సోట నిల్చుకుంటే ముందరిదానికీ ఎనకదానికీ మధ్య దూరం ఏ లెన్సుకైనా ఒకటే సార్. మారింది లెన్సు కాదు, దారి."

వకీలు నవ్వి, "పిల్లల ఆటలు తెచ్చినాడు సార్" అన్నాడు. గుమాస్తా కూడా నవ్వాడు. అధికారి ఆ అట్టను చేతిలోకి తీసుకోలేదు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. అర్థంకాని విషయం ముందు విసుక్కునే మామూలు మనిషి. అందుకే నన్ను అడిగాడు.

"మీరూ ఫొటోగ్రాఫరే కదా. ఈయన చెప్పేదాంట్లో ఏమైనా ఉందా? ఇంకేమైనా చెప్పాలా మీరు?"

చాచా నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. బతిమాలి ఉంటే ఇన్నేళ్ళు నన్ను ఇంత బాధపెట్టేది కాదేమో. తనకు తెలిసిన లెక్క ఇంకొకడికి కూడా తెలుసన్న ధైర్యం ఉంది అందులో. అంతే.

"లేదు సార్" అన్నాను.

ఫొటో దూరంలెన్సుతో తీసినది గనక దాన్ని నమ్మడానికి వీల్లేదనీ, ఆమె తన అజాగ్రత్త వల్లనే దెబ్బతిన్నదనీ అధికారి రాశాడు. అర్జీ కొట్టేశారు.

బంగళా మెట్ల మీద చాచా నాకు ఎదురుపడ్డాడు. కేకలేస్తాడనుకున్నాను. ఆయన లెన్సును గుడ్డలో మళ్ళీ చుడుతూ, మెల్లగా అన్నాడు.

"ఎన్నో తూర్లు నిన్ను అద్దంలో తలకిందులుగా సూసినానప్పా. నాకేమీ కనపడలేదు."

ఆ తర్వాత ఊరు ఆయన్ని వదిలిపెట్టలేదు. పెట్టె సాయెబు కాస్తా అబద్ధాల పెట్టె అయ్యాడు. బజారులో పోతుంటే "సాబ్, మా పెండ్లాం పుట్టింట్లో ఉండాది, నీ లెన్సుతో ఈడికి లాగు" అనేవాళ్ళు. మిల్లులు పిలవడం మానేశాయి. మిల్లుల్ని చూసి పత్తి దళారీలు మానేశారు. బడుల్లో సంవత్సరాంతపు గ్రూపు ఫొటోలు నాకు వచ్చాయి. నేను పోయి తీశాను. ఆయన ఉరుకుందకు రావడం మానుకున్నాడు. అరవై దాటిన మనిషి, తాను యాభై ఏళ్ళు చేసిన పనే అబద్ధమని ఊరంతా అంటుంటే ఇంకే పని చేస్తాడు?

ఒక వేసవిలో, సోమవారం నాడు, ఆయన నా స్టూడియోకు వచ్చాడు. ఎమ్మిగనూరులో నా గది ఎక్కడుందో ఆయనకు అదివరకు తెలియదు. మగ్గాల వీధుల్లో అడుగుతూ వచ్చినట్టుంది, కాళ్ళనిండా దుమ్ము. చేతిలో తువ్వాలులో చుట్టిన గాజుప్లేటు, ఒక కాగితం. ఎవరో కుర్ర వకీలు మార్తమ్మ తరఫున పైకి అప్పీలు వేస్తానన్నాడట. పెద్ద ప్లేటుకు రెండు వందల పది మామూలు లెన్సేనని తెలిసిన ఇంకొక ఫొటోగ్రాఫరు సంతకం కావాలన్నాడట.

"నాకోసం కాదప్పా" అన్నాడు. "నన్ను అబద్ధాలోడని అననీ. ఆ ఆడమనిషి ఎడంసేత్తో సంకటి కెలుకుతాండాది. సూసినా నేను."

"సోమవారం రండి చాచా, చదివి పెడతా" అన్నాను.

"ఈ పొద్దు సోమవారమే."

"వచ్చే సోమవారం."

వచ్చే సోమవారం ఆయన వచ్చేసరికి నేను తలుపు వేసుకొని పెళ్ళిపని ఉందని కోసిగి పోయాను. పెళ్ళేమీ లేదు. అక్కడ స్టేషను దగ్గర టీకొట్లో సాయంత్రం దాకా కూర్చున్నాను. మూడో సోమవారం మళ్ళీ వచ్చాడు. అప్పుడు నేను లోపలే ఉన్నాను. కిటికీ సందులోంచి చూస్తూనే ఉన్నాను. మూసిన తలుపు ముందు మెట్టుమీద ఎండలో కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సు వేళకు లేచి, ఎదురు కొట్లో సైకిళ్ళు బాగుచేసే ఆయనతో ఒక మాట చెప్పి పోయాడు. ఆ సైకిళ్ళాయన ఆ మాటను ఉన్నదున్నట్టు నాకు చేరవేశాడు.

"అబద్ధం సెప్పినానని రాయొద్దంట అన్నా. ఆ పొద్దు నాకు తెలీదు, తెలీక సెప్పలేదు అని రాస్తే సాలంట. నీకు నేర్పించలేదని తానే ఒప్పుకుంటాడంట."

నా తప్పును తన మీద వేసుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. ఆ కాగితం మీద సంతకం చేసి ఆదోని పోయే బస్సెక్కడానికి గంట పట్టేది. గది యజమాని ముఖం గుర్తొచ్చింది. బడుల ఫొటోలు గుర్తొచ్చాయి. అంతకంటే ఎక్కువగా, ఇన్నాళ్ళకు సంతకం పెడితే అప్పుడెందుకు నోరు మూసుకున్నావని నలుగురూ అడుగుతారే అన్నది గుర్తొచ్చింది. చేయలేదు. అప్పీలుకు గడువు దాటిపోయింది.

ఆయన పోయిన సంగతి నాకు మూడో నాటికి గాని తెలియలేదు. వానలు పడే రోజులు. ఎవరో ఫిల్ము చుట్టలు అమ్మడానికి వచ్చి మాటల మధ్యలో చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు కెమెరాలో ఇత్తడిని ఒకరికీ టేకును ఒకరికీ విడదీసి ఇచ్చేశారట. ప్లేట్లను కడిగి, ఎవరో కిటికీలకు వేసుకున్నారట. నేను ఆదోని పోలేదు. పోయి ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

రెండేళ్ళు గడిచాక ఒక పగటిపూట మార్తమ్మ నా స్టూడియోకు వచ్చింది. ఏదో దరఖాస్తుకు ఫొటో కావాలట. నన్ను గుర్తుపట్టలేదనుకొని ధైర్యంగా స్టూలు వేశాను. కొంగు కుడివైపు నిండుగా కప్పుకొని కూర్చుంది. చెయ్యి లేనట్టు కనిపించాలా వద్దా అని అడిగితే, "కనపడాలంటన్నా, అదే గదా వాళ్ళు సూసేది" అని కొంగు తీసింది. దీపాలు సరిచేసి కెమెరా వెనకకు వచ్చాను. అప్పుడు అడిగింది.

"అన్నా, ఆ పొద్దు బంగళాలో నువ్వే గదా? నాకొకటి సెప్పు. ఆ సాయెబు తీసిన ఫొటో అబద్ధమేనా?"

నేను వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయలేదు.

"నేను ఆ బెల్టు పక్కనే నడిసినానని నాకు బాగా గ్యాపకం. దినామూ నడిసినా. ఐతే సదువుకున్నోళ్ళు మీరందరూ అది కాదు, లెన్సు అట్ల సూపిస్తాదంటిరి. అప్పుడినించి నాకే అనుమానమన్నా. పండుకుంటే అదే. నేనే యాడో దూరం దారి ఇడిసిపెట్టి, పోయి దాంట్లో పడినానేమో. నా సెయ్యి నేనే పోగొట్టుకున్నానేమో. మా ఇంటాయన గూడా అట్లనే అంటాడిప్పుడు. నువ్వు ఈ పనిలో ఉండేవాడివి, నీకు తెలుస్తాది. నిజం సెప్పన్నా, ఏమీ అనుకోను."

ఆ గదిలో ఆమే నేనూ తప్ప ఎవరూ లేరు. వకీలు లేడు, అధికారి లేడు, గది ఇచ్చినవాళ్ళు లేరు. ఒక్క మాట చెబితే ఆ మనిషి ఆ రోజు ఇంటికి పోయి నిమ్మళంగా పడుకునేది.

"ఇటు చూడమ్మా" అన్నాను.

చూసింది. నొక్కాను. ఫొటో బాగానే వచ్చింది.